వాలుగ దవడ లేని సినిమా

ఆ సినిమా పేరు నేను చెప్పను. మావాళ్లు దానికి ఊరికే చేసిపెట్టిన ప్రచారం చాలు. విజయనగరంలో కోట దారిలో రెండు గోడల మీద ఇప్పటికీ దాని పోస్టరు సగం చిరిగి వేలాడుతోంది. మండువా ఇల్లు, అరుగు మీద షావుకారు కుటుంబం, మధ్యలో రాట్నం ముందు కూర్చున్న చిన్న కోడలు. కింద 'మన మట్టి, మన మనుషులు' అని పెద్ద అక్షరాలు. ఆ బొమ్మలో ఉన్న పన్నెండు మందిలో ఒక్కరూ మా వైపు వాళ్లు కారు. మట్టి మాత్రం మాదే. చీపురుపల్లి దగ్గర పాత బంగళా వాకిట్లో పోయడానికి ట్రాక్టర్లతో తోలించారు, నేను చూశాను.

చూశానంటే, అక్కడ నేను పనిచేశాను కాబట్టి. జనం లేచి బయటికి నడుస్తున్నప్పుడు తెర మీద పైకి పాకే పేర్లలో నా పేరూ ఉంది, 'యాస సహకారం' అని. సహకారమట. దొంగకి తాళంచెవి ఇచ్చినవాడు చేసింది కూడా సహకారమే.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్తాను. మాది పొందూరు. మా అమ్మ ఇప్పటికీ అక్కడే ఒంటి కదురు రాట్నం మీద సన్న నూలు వడుకుతుంది. డెబ్భై దాటింది, ఒక కన్నుకి ఆపరేషన్ అయింది, అయినా ఆమె చేతిలో దారం తెగడం నేను చాలా తక్కువసార్లు చూశాను. ఒకరోజు ఆ సినిమా సహాయ దర్శకురాలు, మా కాలేజీలోనే ఎప్పుడో చదివిన పిల్ల, ఫోన్ చేసి "మేడం, మన ఉత్తరాంధ్ర మీద పీరియడ్ ఫ్యామిలీ డ్రామా చేస్తున్నాం, యాస నేర్పడానికి మీరు రావాలి" అంది. ఎగిరి గంతేశాను. ఆ మాట దాచను.

దర్శకుడిని మొదటిసారి ఒక హోటల్లో కలిశాను. మెత్తగా మాట్లాడే మనిషి. కోపం తెప్పించేవాళ్లలో మెత్తగా మాట్లాడేవాళ్లంత ప్రమాదం ఇంకొకరు లేరు. "మేడం, తెలుగు సినిమాలో మీ ప్రాంతానికి ప్రాతినిధ్యం లేదు. ఆ లోటు నేను తీరుస్తాను. ఈ కథలో అన్ని రకాల మనుషులూ ఉంటారు. వైవిధ్యమే మన బలం" అన్నాడు. ఆ మాటలకి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. ఇప్పుడు తలుచుకుంటే ఆ చెమ్మ మీద చెప్పలేనంత ఒళ్లు మంట.

కథ స్వాతంత్ర్యానికి ముందుది. షావుకారు ఇంటి చిన్న కొడుకు జైలుకెళ్తాడు. కోడలు రాట్నం తిప్పి, తన చేత్తో వడికిన నూలుతో అతనికి పంచె నేయిస్తుంది. సరే, బాగానే ఉంది. ఆ ఇంట్లో ముసలాయన దగ్గర్నుంచి మనవడిదాకా అందరి మాటలూ మా యాసలోకి మార్చి రాశాను. ఎనభై ఏళ్ల కిందట చీపురుపల్లిలో బెల్లం, నువ్వులు అమ్మే షావుకారు టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడడు కదా! అమ్మ దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుని ఆమె మాటలన్నీ ఫోన్‌లో రికార్డు చేశాను. మా నాన్న పోయినప్పుడు ఎలా తట్టుకున్నావమ్మా అని అడిగితే, రాట్నం ఆపకుండానే చెప్పింది. "ఏడుపొస్తే రాట్నం ఆపకే పాపా. సెయ్యాడతా ఉంటే మనసు దానంతటదే ఊరుకుంటాది. నాను అలగే బతికినాను." ఆ మాట కాగితం మీదికి ఎత్తి, భర్త జైల్లో జబ్బుపడ్డాడని ఉత్తరం వచ్చిన సీనులో, అత్తగారు కోడలితో అనేటట్టు పెట్టాను. దర్శకుడు చదివి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "అద్భుతం మేడం" అన్నాడు.

షూటింగ్‌లో మొదటి రోజే తెలిసింది. షావుకారు కుటుంబమంతా పుస్తకాల తెలుగులో మాట్లాడుతోంది. నేను రాసిన యాస ఎక్కడుందీ అని చూస్తే వంటవాడి నోట్లో ఉంది. బండివాడి నోట్లో ఉంది. ఇద్దరూ హాస్యానికి పెట్టినవాళ్లు. వంటవాడికి ఎత్తుపళ్లు కూడా కట్టారు.

"ఇదేంటండీ, ఒకే ఊళ్లో, ఒకే ఇంట్లో, వంటవాడికో భాష, యజమానికో భాషా?" అన్నాను.

"ఎమోషన్ కనెక్ట్ అవ్వదు మేడం. ఆ యాసలో ఏడిస్తే జనం నవ్వేస్తారు."

"మరి ఇన్నాళ్లూ మేమంతా ఎలా ఏడుస్తున్నామండీ?"

ఆయన నవ్వాడు. నేను జోక్ వేశాననుకున్నాడు. ఆ రోజే సంచీ భుజాన వేసుకుని వచ్చేయాల్సింది. రాలేదు. ఎందుకు రాలేదంటే, అప్పటికే అమ్మకి మాట ఇచ్చేశాను.

ఆ మాట ఏమిటంటే, నూలు వడికే సీనుకి చేతులు కావాలన్నారు. హీరోయిన్‌కి రాట్నం రాదు, పది రోజుల్లో వచ్చే విద్యా కాదు. మా అమ్మ వడుకుతుంది, దగ్గరగా చేతులు తీస్తారు, దాంతోపాటు కోడలికి వడకడం నేర్పే ముసలమ్మగా ఆమె మొహం కూడా ఒక షాట్‌లో వస్తుందని సహాయ దర్శకురాలు చెప్పింది. నేను పొందూరు వెళ్లి అమ్మకి చెప్పాను. మా అమ్మ జన్మలో నన్ను ఏదీ అడగలేదు. ఆ రోజు వడకడానికి చుట్టుకున్న దూది ఏకుల దొప్ప కింద పెట్టి, తలొంచుకుని అడిగింది. "నా మొగం పడతాదేటే?"

"పడుతుందమ్మా" అన్నాను.

"నిజమేనేటి? సేతులు ఎంతోమంది వచ్చి తీసుకెల్లినారు. పేపరోలు తీసినారు, కాలెండర్ల కోసం తీసినారు. మొగం ఎవులూ తియ్యనేదు."

అది నిజం. మా వీధి ఆడవాళ్ల చేతులు దేశమంతా చూసింది. ఏ ఎగ్జిబిషన్‌కి వెళ్లినా గోడ మీద ఉంటాయి. అవి ఎవరివో ఏ గోడా చెప్పదు. అందుకే 'పడుతుంది' అని మళ్లీ చెప్పాను. సాయంత్రానికి వీధంతా పాకింది.

షూటింగ్‌కి అమ్మ తన సామాను తానే మూట కట్టుకుని వచ్చింది. అందులో వాలుగ దవడ ఉంది. తెలియనివాళ్లకి చెప్పాలి. మా పొందూరులో పత్తి దువ్వేది వాలుగ చేప దవడతోనే. ఆ ఎముకకి వరసగా సూదుల్లాంటి సన్నటి పళ్లుంటాయి. గింజ చుట్టూ ఉన్న పత్తిని దాంతో దువ్వితే నలుసూ చెత్తా రాలిపోయి, పోగులన్నీ ఒకే వైపు పడుకుంటాయి. ఇనప దువ్వెనలు, ప్లాస్టిక్ దువ్వెనలు చాలామంది తెచ్చి చూశారు, ఏదీ ఆ పని చెయ్యలేదు. అది లేకపోతే ఆ సన్నం లేదు, ఆ నూలూ లేదు. మా అమ్మ దగ్గరున్నది గోదావరి వైపు నుంచి తెప్పించింది, నా చిన్నప్పటి నుంచీ వాడుతోంది. చేతి నూనెకి తేనె రంగు తిరిగింది.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లు దాన్ని చూసి దూరం జరిగారు. దర్శకుడు వచ్చాడు.

"ఇదేంటమ్మా?"

"వాలుగ దవడ బావూ" అంది అమ్మ. దాన్ని ఆయన చేతిలో పెట్టబోయింది కూడా. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

తర్వాత నన్ను పక్కకి పిలిచాడు. "మేడం, ఇది శాకాహార కుటుంబం. షావుకారు గారి కోడలి ఒళ్లో చేప ఎముక పెడితే సెంటిమెంట్ దెబ్బతింటుంది. వివాదమవుతుంది."

"మా వీధిలో చేప వాసనే పడని ఇళ్లున్నాయండీ. ఆ ఇళ్లల్లో కూడా రాట్నం పక్కన ఇది ఉంటుంది. మా వాళ్లెవరికీ ఎన్నడూ అంటు అనిపించలేదు. పనిముట్టుకి కులమేమిటి?"

"నాకు తెలుసు మేడం. ఆడియన్స్‌కి తెలియదు కదా."

తెలియదు కాబట్టే కదా సినిమా తీస్తానన్నావు అని నా నోటిదాకా వచ్చింది. తాటిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసం అన్నాడట. ఈయన దగ్గర ప్రతిదానికీ ఒక దూడగడ్డి ఉంటుంది. ఈలోగా ఎవరో ఒక గంధపు చెక్క దువ్వెన పట్టుకొచ్చారు. నెమలి చెక్కి ఉంది. అమ్మ దాంతో పత్తి దువ్వింది. పోగులు ఉండలు కట్టాయి.

"ఓలమ్మ, దీంతోటి పేలు దువ్వుకోవాల గానీ పత్తికి పనికొస్తాదేటి!" అంది.

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. ఆ తర్వాత దర్శకుడు "కానివ్వండమ్మా, ఊరికే దువ్వినట్టు చెయ్యండి" అంటే, వాలుగ దవడని చీరకొంగులో చుట్టి మూటలో పెట్టేసి ఆ నెమలి దువ్వెనతో దువ్వినట్టు నటించింది. నేర్చిన చెయ్యి, ఊరికే దువ్వినట్టు నటించడానికి ఎంత ఇబ్బంది పడిందో నాకు తెలుసు. మొహం పడుతుందన్న ఆశ కోసం చేసింది.

అంతటితో అవ్వలేదు. మేకప్ మనిషి వచ్చి అమ్మ చేతుల్ని, హీరోయిన్ చేతుల్ని పక్కపక్కన పెట్టి చూశాడు. అమ్మ చేతులకి మోచేతుల దాకా తెల్లటి క్రీము పట్టించాడు. చాలలేదని రెండో పూత వేశాడు. గోళ్లకి రంగు, గీతల్లో పౌడరు. వడికేవాళ్ల చూపంతా వేళ్ల కొనల్లో ఉంటుంది. ఆ పూతతో అమ్మకి దారం తెలియలేదు. తెగింది. అతికింది. మళ్లీ తెగింది. ఎప్పుడూ తెగనివ్వని మనిషి నలుగురి ముందూ ఆరుసార్లు తెంపుకుంది. "సెయ్యి కడుక్కుంటాను బావూ, దారం అందటం నేదు" అని బతిమాలుకుంది. కంటిన్యుటీ పోతుందన్నారు. చివరికి మొద్దు దారం ఒకటి తీసింది. ఆ దారాన్ని మా వీధిలో చిన్నపిల్లలు కూడా తియ్యరు. లోకమంతా ఇప్పుడు చూస్తున్నది ఆ దారమే.

హీరోయిన్ మీద నాకు కోపం లేదు. ముంబై పిల్ల. షాట్‌కీ షాట్‌కీ మధ్య వచ్చి అమ్మ పక్కన చాప మీద కూర్చునేది. ఆ సెట్టు మొత్తంలో అమ్మని 'తిన్నారా' అని సైగలతో అడిగింది ఆ పిల్ల ఒక్కతే. మధ్యాహ్నం అమ్మ మొహం షాట్ కూడా తీశారు. నా కళ్లారా చూశాను. అమ్మ తల దువ్వుకుని, బొట్టు సరిచేసుకుని, కెమెరా వైపు చూడకుండా కోడలి వైపు చూస్తూ, నేను అత్తగారికి రాసిన ఆ మాట, తన మాట, తనే చెప్పింది. ఏడుపొస్తే రాట్నం ఆపకే పాపా. అందరూ చప్పట్లు కొట్టారు.

సినిమా వచ్చింది. పొందూరు నుంచి అమ్మ, మా వీధి ఆడవాళ్లు తొమ్మిదిమంది, విజయనగరం వచ్చారు. మ్యాట్నీకి తీసుకెళ్లాను. అమ్మ అంచు చీర కట్టింది, కుర్చీ చివర కూర్చుంది, వీపు ఆనించలేదు.

అన్ని రకాల మనుషులూ ఉంటారన్నాడు కదా, ఉన్నారు. అబద్ధం చెప్పకూడదు. ఒక గిరిజన పిల్ల ఉంది, పాటకి వచ్చి పాటతో వెళ్లిపోయింది. ఒక పాలేరు ఉన్నాడు, వరదలో చిన్నబాబుని కాపాడి చచ్చిపోయాడు. ఒక సాయిబుగారున్నారు, పెద్దాయనకి జ్వరమొస్తే దువా చేసి మళ్లీ కనిపించలేదు. ఆ షావుకారు కుటుంబం ఎంత మంచిదో మనకి తెలియడానికి వీళ్లందరూ ఒక్కొక్కళ్లే వచ్చి, పని ముగించుకుని వెళ్లారు. పెళ్లిలో సన్నాయి వాళ్లకైనా ఇంకాస్త మర్యాద ఉంటుంది, భోజనం పెట్టి పంపుతారు.

రాట్నం సీను వచ్చింది. తెరంత పెద్ద చేతులు. తెల్లగా, నున్నగా. నెమలి దువ్వెన. పక్క సీట్లో ఉన్న మా వీధి పెద్దమ్మ అమ్మని మోచేత్తో పొడిచింది.

"నీ సేతులేవే?"

"అవే."

"ఏటి అవే? అంత తెల్లగున్నాయి. నీయి కాదు."

"నాయేనే, నాను వడికినాను."

పెద్దమ్మ నమ్మలేదు. కెమెరా చేతుల మీద నుంచి మెల్లగా పైకి వెళ్లింది. మా అమ్మ కుర్చీలో ఇంకాస్త ముందుకి జరిగింది. పైన హీరోయిన్ మొహం. కన్నీళ్లు. సంగీతం. అంతే. సీను మారింది. మా వరసలో వాళ్లందరూ అమ్మ వైపు చూశారు. "ఎనకాల వస్తాదేమో" అంది అమ్మ.

వెనకాల వచ్చింది, మొహం కాదు, మాట. ఇంటర్వెల్ తర్వాత వంటింట్లో, ఉల్లిపాయలు తరుగుతూ ఏడుస్తున్న పనిపిల్లతో ఎత్తుపళ్ల వంటవాడు కళ్లు తిప్పుతూ, సాగదీస్తూ అన్నాడు. "ఏడుపొస్తే కత్తిపీట ఆపకే పాపా. సెయ్యాడతా ఉంటే మనసు దానంతటదే ఊరుకుంటాది." అని వెల్లకిలా పడ్డాడు. డప్పు మోత. హాలు హాలంతా విరగబడి నవ్వింది. మన విజయనగరం హాలు, మన జనం. మా వరసలో ఆడవాళ్లు కూడా నవ్వారు. అమ్మ నవ్వలేదు. అందరి వైపూ ఒకసారి చూసింది. చూసి, కొంచెం ఆలస్యంగా తనూ నవ్వింది.

ఆ ఆలస్యపు నవ్వుని నేను క్షమించలేను. అంటే, నవ్వించినవాడిని.

మర్నాడు దర్శకుడికి ఫోన్ చేశాను. "లెంగ్త్ ప్రాబ్లం మేడం, చాలా బాధపడుతూ కట్ చేశాం. కానీ మీ అమ్మగారి చేతులే సినిమాకి ప్రాణం" అన్నాడు. ఆ మాట కథల్లోవాడు చెప్పినా నమ్మరు. మరి ఆ డైలాగు సంగతి ఏమిటంటే, "థియేటర్‌లో బాగా పేలింది మేడం, క్రెడిట్ మీదే" అన్నాడు. ఫోన్ పెట్టేశాను. తిట్టడానికి నాకు తిట్లు రావా? వచ్చు. అన్నీ మా అమ్మ యాసలోనే వచ్చు. ఆ మెత్తటి మనిషి వాటిని కూడా ఇంకో సినిమాలో వంటవాడికి ఇస్తాడని ఊరుకున్నాను.

కాలేజీలో నాకు సన్మానం చేశారు. ఉత్తరాంధ్రకి వెండితెర మీద గౌరవం దక్కిందని ప్రిన్సిపాల్ గారు మాట్లాడారు. కప్పిన శాలువా పాలియెస్టరు. కప్పించుకున్నాను. స్టాఫ్ రూములో ఒకాయనతో నా గోడు చెప్పుకుంటే, "కందకి లేని దురద కత్తిపీటకెందుకు మేడం? మీ అమ్మగారే నవ్వారు కదా" అన్నాడు. అసలు సంగతి నాకు అప్పటికే తెలిసిపోయింది. ఇరవై ఏళ్లుగా క్లాసులో 'సెప్పు' అన్న పిల్లల్ని నిలబెట్టి 'చెప్పు' అనిపించింది నేను. మా ఇంటికి లెక్చరర్లు వస్తే వంటింట్లోకి వెళ్లి "అమ్మా, కొంచెం తక్కువ మాట్లాడు" అని గుసగుసగా చెప్పింది నేను. నా దగ్గరికి వచ్చినప్పుడు అలాంటి రోజుల్లో అమ్మ మా వంటింట్లోనే ఉండిపోయేది. దర్శకుడు ఆమెని తెర మీద నుంచి తీసేశాడు, నేను ముందుగదిలోంచి తీసేశాను. తేడా ఏమిటంటే ఆయన టికెట్టు పెట్టాడు. కొండ నాలుకకి మందు వేయబోయి ఉన్న నాలుక ఊడగొట్టిన వైద్యుల్లో నేనే మొదటిదాన్ని.

మూడు నెలల కిందట ఒక ఆదివారం పొందూరు వెళ్లాను. అమ్మ ఇంటి ముందు కారుంది. లోపల నలుగురు, సినిమా చూసి, ఆ చేతులెవరివో మా వీధిలో అడిగి వచ్చారట, విశాఖపట్నం నుంచి. అమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది. ఆమె చేతిలో నెమలి దువ్వెన. షూటింగ్ అయ్యాక వాళ్లు అమ్మకే వదిలేసి వెళ్లింది. దాంతో పత్తి దువ్వినట్టు చేస్తోంది, ఉండలు కడుతోంది, వాళ్లు వీడియో తీస్తున్నారు.

"వాలుగ దవడేదమ్మా?" అన్నాను.

"లోపల ఎట్టీసినాను. సినిమాలో నేదు కదే. ఈ బావులు దీన్నే అడుగుతున్నారు."

ఇంతలో ఆ వచ్చినవాళ్లలో ఒకాయన తన ఫోన్ నాకిచ్చి, అమ్మతో తమ నలుగురికీ ఒక ఫొటో తీస్తారా అన్నాడు. నలుగురూ అమ్మ వెనకాల నిలబడ్డారు. అమ్మ చీరకొంగుతో చేతులు రెండుసార్లు తుడుచుకుంది. రెండు చేతులూ ఫోన్ వైపు చాచింది. మొహం గోడ వైపు తిప్పేసుకుంది.

"మొహం కూడా రానివ్వండమ్మా" అన్నాడాయన, మర్యాదగానే.

"మొగమెందుకు బావూ, సేతులు సాలు."

నాలో ఏదో తెగింది. ఆ నలుగురి ముందూ, కాలేజీలో చేరాక పరాయివాళ్ల ఎదుట ఒక్కనాడూ మాట్లాడని మాటతో గట్టిగా అరిచాను. "ఇటు సూడే అమ్మా! మొగం ఎత్తు! నీ మొగానికేటైనాది? సూడు ఇటు!"

అమ్మ ఉలిక్కిపడి తిరిగింది. నా వైపు కాదు, వాళ్ల వైపు. సిగ్గుపడుతూ, ప్రతి అక్షరాన్నీ వెతుక్కుంటూ, సినిమాలో షావుకారు ఇంటివాళ్లలాగా చెప్పింది.

"ఏమీ అనుకోకండి బాబూ. మా అమ్మాయి లెక్చరరు. మామూలుగా ఇలా మాట్లాడదు."

చేతులు అలాగే చాచి ఉంచింది, నేను ఫొటో తీసేదాకా.